దేవుడి మీద దావా: యోబు, గబ్బిలం, మరికొన్ని పుస్తకాలు

(చెన్నైలో తెలుగు సాహిత్యాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. రెండుసార్లు చెప్పిన మాటలు కొన్ని తీసేశాం. మాట తీరు మార్చలేదు.)

సభకు నమస్కారం.

క్రైస్తవ దైవశాస్త్రం, ఆధునిక సాహిత్యం అని ఆహ్వానంలో వేశారు. ఆ పేరు చూసి కూడా ఇంతమంది వచ్చారంటే, ఇవాళ మైలాపూరులో కచేరీలేవీ లేవన్నమాట. (నవ్వులు)

నేను చేయని పని ఒకటుంది, ముందే చెప్పేస్తాను. సాహిత్యంలో క్రైస్తవం అనగానే మన విమర్శకులు, అందులోనూ ఇంగ్లీషు ఎం.ఏ. చేసినవాళ్ళు, ఒక వేట మొదలుపెడతారు. నవలలో మంచివాడెవడైనా ముప్పై మూడేళ్ళకు పోయాడా, వాడు క్రీస్తు. చేతులు చాపి పడ్డాడా, అది సిలువ. నలుగురూ కూర్చుని రొట్టె తిన్నారా, ప్రభు భోజనం. ఈ లెక్కన నెల్లూరు చేపల పులుసు మీద వ్యాసం రాసినా సువార్త కిందే జమ. ఈ వేటలో పుస్తకం గురించి మనకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

నా ప్రశ్న వేరే. దేవుడు మనిషిగా పుట్టాడు, అదీ వడ్రంగి ఇంట్లో పెరిగాడు, నేరస్థుల మధ్య నేరస్థుడిగా చచ్చాడు అని ఒక మతం నమ్మింది. ఆ నమ్మకం కథ చెప్పే పద్ధతిని ఏం చేసింది? ఎవరి గురించి రాయొచ్చు, దేవుడితో ఎంత గట్టిగా మాట్లాడొచ్చు అనే హద్దుల్ని ఎక్కడికి జరిపింది? నా వాదన కూడా ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి బస్సుకు పోయేవాళ్ళకు పనికొస్తుంది. తెలుగులో ఈ దైవశాస్త్రం అన్నిటికంటే లోతుగా పనిచేసిన కావ్యం క్రీస్తు కథ చెప్పే కావ్యం కాదు. అది కాశీ విశ్వనాథుడికి పంపిన ఫిర్యాదు. జాషువా గారి గబ్బిలం.

దానికి ముందు కొంచెం పాత సంగతి. మెరీనాలో పొద్దునపూట నడిచేవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. 1968లో ప్రపంచ తమిళ మహాసభ సందర్భంగా ఆ రోడ్డు పొడవునా విగ్రహాలు పెట్టారు. తిరువళ్ళువర్, కంబన్, అవ్వైయార్, భారతి. వాళ్ళ వరసలోనే ముగ్గురు క్రైస్తవ మిషనరీలు కూడా నిలబడి ఉన్నారు: కాల్డ్‌వెల్, జి.యు. పోప్, వీరమామునివర్. ఆఖరాయన అసలు పేరు బెస్కి, ఇటలీ నుంచి వచ్చిన జెసూట్ (ఒక కథోలిక సన్యాసి సంఘం) ఫాదర్. 18వ శతాబ్దం మొదటి సగంలో తమిళంలో తెంబావణి అని 3,615 పద్యాల మహాకావ్యం రాశాడు. నాయకుడు యోసేపు, మరియమ్మ భర్త. ఆ కావ్యంలో యూదయ దేశం తమిళ కావ్యాల్లోని ‘నాడు’లాగే, అంటే తమిళ సీమలాగే ఉంటుంది, పచ్చటి పొలాలతో, పారే నీళ్ళతో. అదే శతాబ్దంలో తెలుగులో మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనం రాశాడు, క్రీస్తు కథను ప్రబంధం ధోరణిలో. ఈ ఊళ్ళోనే, 1726లో వచ్చిన షుల్జ్ అనే లూథరన్ (ప్రొటెస్టంటు) మిషనరీ బైబిలును తెలుగు చేయడానికి కూర్చున్నాడు. తర్వాత జర్మనీకి తిరిగి వెళ్ళి హాలె పట్టణంలో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు, 1746, 47 ప్రాంతంలో. తెలుగు అచ్చు మొహం చూసింది అక్కడే.

వీళ్ళ పాండిత్యానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ బెస్కి అయినా, ఆనందకవి అయినా చేసిన పని, వడ్రంగి కొడుక్కి జరీ పంచె కట్టడం. కావ్యంలోకి రావాలంటే ఆ బట్టలు కట్టుకోవాలి మరి, అప్పటి రివాజు అది. నాకు ఆ జరీ కన్నా, అది లేకుండా వచ్చిన మనిషి మీదే ఆసక్తి.

ఇక్కడ ఎరిక్ ఆవర్‌బాక్ గురించి చెప్పాలి. యూదుడు, జర్మనీలో ఆచార్యుడు. నాజీలు 1935లో ఉద్యోగం పీకేస్తే ఇస్తాంబుల్ చేరాడు. అక్కడ సరైన గ్రంథాలయం కూడా లేకుండా, యుద్ధం జరుగుతున్న రోజుల్లో కూర్చుని మిమెసిస్ అనే పుస్తకం రాశాడు. 1946లో అచ్చయింది. అందులో ఆయన ఒక చిన్న దృశ్యాన్ని పట్టుకుంటాడు. యేసును అరెస్టు చేసి తీసుకుపోయారు. ఆయన శిష్యుడు పేతురు వెనకాలే వెళ్ళి ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో నౌకర్ల మధ్య కూర్చుని చలి కాచుకుంటున్నాడు. ఒక పనికత్తె వచ్చి, మంట వెలుగులో ఆయన మొహం చూసి, నువ్వు కూడా ఆయనతో ఉన్నవాడివే కదా అంటుంది. కాదంటాడు. మళ్ళీ అంటుంది, మళ్ళీ కాదంటాడు. మూడోసారి పక్కనున్నవాళ్ళు, నువ్వు గలిలయ మనిషివే, నీ మాటే చెప్తోంది అంటారు. యాస పట్టించేసింది పాపం. మనవాళ్ళు ఎవరైనా విజయవాడలో ఆటో ఎక్కి రెండు ముక్కలు మాట్లాడితే, మీరు మద్రాసాండీ అని అడగరూ, అలాగన్నమాట. (నవ్వులు) అప్పుడు కోడి కూస్తుంది, ఆయన ఏడుస్తాడు. అంతే దృశ్యం.

ఆవర్‌బాక్ ఏమంటాడంటే, ఇది గ్రీకు, రోమను సాహిత్యంలో రాయదగిన విషయమే కాదు. ఒక జాలరి, ఒక పనిమనిషి, చలిమంట. అలాంటి వాళ్ళు ఆ సాహిత్యంలోకి వస్తే హాస్యానికి రావాలి. రోమను చరిత్రకారుడు టాసిటస్ మామూలు సిపాయి తిరుగుబాటును కూడా రాశాడు, కానీ ఆ సిపాయి నోట పెద్ద వక్త మాట్లాడే భాష పెట్టాడు. సువార్త రాసినవాడికి ఆ సంకోచం లేదు. ఎందుకు లేదు? దేవుడే పశువుల తొట్టిలో పడుకున్నాక, ఎవరి ఏడుపు గంభీరమైంది, ఎవరి ఏడుపు నవ్వులాట అనే వరస చెరిగిపోయింది కాబట్టి. యూరపులో బతుకును ఉన్నదున్నట్టు రాసే నవల దాకా వచ్చిన దారి ఇక్కడ మొదలైందని ఆయన వాదం. చెప్పింది క్రైస్తవుడు కాదు, గుర్తుపెట్టుకోండి.

మనకీ ఈ వరసలు తెలిసినవే. నాయకుడు ధీరోదాత్తుడై ఉండాలి, మంచి వంశంలో పుట్టి ఉండాలి. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం మాట్లాడతాడు, చెలికత్తె ప్రాకృతం మాట్లాడుతుంది. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి మాటకొకరు జవాబు చెప్పుకుంటూ, రెండు భాషలు!

అయితే ఆవర్‌బాకును తెచ్చి ఇక్కడ యథాతథంగా అంటించకూడదు. పాల్కురికి సోమనాథుడున్నాడు మనకి, 13వ శతాబ్దంలోనే. బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ చదివారా? చోళరాజు రోజూ పెట్టే నైవేద్యం వదిలేసి శివుడు చెన్నయ్య ఇంట్లో అంబలి తాగుతాడు. అంబలి! ద్విపదలో, జాను తెలుగులో, తోలు పనిచేసే మనిషి గుడిసెలో దేవుడు. దానికి ఏ పడమటి సిద్ధాంతమూ అక్కర్లేకపోయింది. కాబట్టి చిన్నవాళ్ళను పెద్ద కథలోకి తెచ్చింది క్రైస్తవమే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తమిళంలో నందనార్ కూడా ఉన్నాడు, అంటరాని కులంలో పుట్టిన శివభక్తుడు, ఆయన కథ మీకు నాకన్నా బాగా తెలుసు. కానీ చిదంబరంలో ఏం జరిగింది? నందనార్ నిప్పుల్లో దిగి, జంధ్యంతో మునిలా పైకి లేస్తే గానీ లోపలికి పోలేకపోయాడు. శివభక్తుల కథలు చెప్పే తమిళ కావ్యం పెరియ పురాణం అలాగే చెబుతుంది. భక్తి ఆయన్ని కావ్యంలోకి తెచ్చింది, ఆయన ఒంటిని మాత్రం బయటే వదిలేసింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. గబ్బిలంలో ఎవరూ నిప్పుల్లో దిగరు.

ఇక రెండో సంగతి, దేవుడితో మాట్లాడే తీరు. బైబిలులో యోబు గ్రంథం చదివినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదులెండి, పాస్టరు గారు కూడా ఉన్నారు ఇక్కడ. (నవ్వులు) యోబు మంచివాడు. ఆస్తి పోయింది, ఇల్లు కూలి పిల్లలు పోయారు, ఒళ్ళంతా కురుపులు లేచాయి. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్నాడు. స్నేహితులు వచ్చారు. ఏడు రోజులు నోరు విప్పకుండా పక్కన కూర్చున్నారు. ఎనిమిదో రోజు నుంచి మాట్లాడటం మొదలుపెట్టారు, గొడవంతా అక్కడే. నిరపరాధి ఎప్పుడైనా నశించాడా, ఆలోచించు అంటాడు ఎలీఫజు. అంటే, నీకు ఇలా జరిగిందంటే నువ్వేదో చేసే ఉంటావని. ఈ మాట మనకు కొత్తదా? పరామర్శకు వచ్చిన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటారు కదా, ఏ జన్మలో చేసుకున్నామో అని.

యోబు ఒప్పుకోడు. దేవుణ్ణి కోర్టుకు రమ్మంటాడు. నా మీద నేరం ఏమిటో రాసి ఇమ్మంటాడు. మా ఇద్దరి మీదా చెయ్యి వేసి తగవు తీర్చే మధ్యవర్తి లేడే అని ఏడుస్తాడు. చివరకు దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. ఆ జవాబు యోబు అడిగిన ప్రశ్నకు జవాబేనా అని రెండువేల ఏళ్ళుగా తగువే. కానీ దాని తర్వాత ఒక వాక్యం ఉంది, దాన్ని ఆదివారం ప్రసంగాల్లో ఎక్కువ వినం. దేవుడు ఆ స్నేహితుల మీద కోప్పడి, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదు అంటాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్ళకు చీవాట్లు, దావా వేసినవాడికి మెచ్చుకోలు. ఒక మతం తన పవిత్ర గ్రంథంలో ఈ మాట పెట్టుకుంది.

యోహాను సువార్తలో ఇదే ప్రశ్న మళ్ళీ వస్తుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు అడుగుతారు: ఎవడు పాపము చేసెను, వీడా, వీని కన్నవారా? ఇద్దరూ కాదంటాడు యేసు. దేవుని క్రియలు కనబడటానికి ఇలా పుట్టాడు అని దాని వెనక ఇంకో సగం ఉంది. ఆ సగం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ముందు సగం మాత్రం చాలా పెద్ద మాట.

ఇప్పుడు గబ్బిలం దగ్గరికి వద్దాం.

జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రిది యాదవ కులం, తల్లిది మాదిగ కులం, ఇంట్లో క్రైస్తవం. ఊళ్ళో అంటరానివాడు, చర్చిలో పురాణాలు, పద్యాలు అంటూ తిరిగే అనుమానపు మనిషి. 1941లో గబ్బిలం వచ్చింది. మేఘసందేశంలో యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపాడు. ఇక్కడ పంపేవాడు యక్షుడు కాదు, అరుంధతీసుతుడు, ఈ దేశానికి కడగొట్టు బిడ్డడు. కబురు భార్యకు కాదు, కాశీలో శివుడికి.

మొదట్లో ఒక చిన్న సన్నివేశం ఉంది, దగ్గరగా చూడండి. రాత్రిపూట వాడి గుడిసెలోకి గబ్బిలం వస్తుంది. ముక్కుమొగమున్న చీకటిముద్దలాగా ఉందంటాడు కవి. దాని రెక్కల గాలికి వాడి చిన్న ఆముదపు దీపం ఆరిపోతుంది. ఇప్పుడు వాడు ఏం చేయాలి? కర్ర తీసుకుని తరమాలి. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టం అంటాం మనం. వాడు తరమడు. ఉన్న ఒక్క దీపాన్నీ ఆర్పేసిన దాన్ని అమ్మా అని పిలిచి, తన గోడు చెప్పుకుంటాడు. ఎందుకంటే గుడిలోకి వాడికి ప్రవేశం లేదు, దానికుంది. గర్భగుడి కప్పుకు తలకిందులుగా వేలాడేది అదే. శివుడి చెవికి అంత దగ్గరగా ఉండేవాళ్ళు పూజారి తర్వాత ఎవరున్నారు?

యోబుకు దొరకని మధ్యవర్తి దొరికాడన్నమాట, గబ్బిలం రూపంలో. ఇంకో సంగతి. బైబిలులో లేవీయకాండం పదకొండో అధ్యాయంలో ముట్టకూడని పక్షుల జాబితా ఉంది. అందులో ఆఖరి పేరు గబ్బిలం. జాషువా గారు దాన్ని మనసులో పెట్టుకుని రాశారని నేను అనడం లేదు, నా దగ్గర ఆధారం లేదు. కానీ బైబిలు మధ్య పెరిగిన మనిషి, రెండు మతాల్లోనూ మైలపడ్డ ప్రాణిని దేవుడికీ మనిషికీ మధ్య నిలబెట్టాడు. మధ్యవర్తి పవిత్రుడై ఉండాలి, మచ్చలేనివాడై ఉండాలి అని చర్చిలో విన్నవాడే ఈ పని చేశాడు. గలతీ పత్రికలో పౌలు క్రీస్తును శాపమైపోయినవాడు అంటాడు, అది గుర్తొస్తే జాషువా పని అంత వింతగా అనిపించదు.

ఆ గబ్బిలంతో వాడు చెప్పే మాటల్లో రెండు పాదాలు అందరికీ వచ్చు.

కర్మమన నేమొ దానికీ కక్షయేమొ
ఈశ్వరుని చేత ఋజువు చేయింపవమ్మ

ఋజువు చేయించు అంటున్నాడు. దయ చూపించమని అడగలేదు, మోక్షం అడగలేదు. కోర్టు భాష ఇది. నా తిండి లాక్కుని, నా నోరు కర్మ అనే గుడ్డతో కట్టేశారు. ఆ కర్మ అనేది ఉంటే, దానికి నా మీద పగ ఎందుకో, ఆ ఈశ్వరుడినే సాక్ష్యం చెప్పమను. ఎలీఫజుకు యోబు చెప్పిన జవాబు ఇదే. గుడ్డివాణ్ణి చూపించి వీడా వీని కన్నవారా అన్న ప్రశ్నను తోసేసిన జవాబూ ఇదే. కావ్యం శివుడికి పంపిందే, పోలికలన్నీ మన పురాణాలవే. దాని వెన్నెముక మాత్రం యోబు గ్రంథానిది అని నాకు అనిపిస్తుంది.

ముందు వరసలో పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నారు. (నవ్వులు) అలా ఊపాలి కూడా. ఎందుకో చెప్తాను, రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ మీదుగా.

కరమజోవ్ సోదరులు 1879, 80ల్లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. అందులో ఇవాన్ తన తమ్ముడు అల్యోషాతో హోటల్లో కూర్చుని మాట్లాడతాడు. అల్యోషా మఠంలో ఉండే కుర్రాడు. ఇవాన్ తను పోగేసిన పిల్లల కథలు ఒక్కొక్కటే చెబుతాడు. ఐదేళ్ళ పిల్లను కన్నతల్లి చలి రాత్రి మరుగుదొడ్లో పెట్టి తాళం వేసింది. ఆ పిల్ల చీకట్లో చిన్న పిడికిలితో గుండెలు బాదుకుంటూ దేవుణ్ణి పిలిచింది. ఒక జమీందారు తన వేటకుక్క కాలికి రాయి తగిలిందని, ఎనిమిదేళ్ళ పాలేరు కుర్రాణ్ణి తల్లి కళ్ళ ముందే కుక్కల చేత చీల్పించాడు. చివరి రోజున అన్నీ సర్దుకుంటాయి, ఆ తల్లి కూడా ఆ జమీందారును కావలించుకుంటుంది అంటారా? అలాంటి స్వర్గానికి టికెట్టు నాకొద్దు, మర్యాదగా తిరిగి ఇచ్చేస్తున్నా అంటాడు ఇవాన్.

ఇది రాసినవాడు నాస్తికుడు కాదు. 1849లో మరణశిక్ష అమలు చేస్తున్నట్టు నాటకం ఆడి, తుపాకుల ముందు నిలబెట్టి, ఆఖరి నిమిషంలో శిక్ష మార్చి సైబీరియాకు పంపారు ఆయన్ని. దారిలో కొందరు స్త్రీలు చేతిలో పెట్టిన కొత్త నిబంధన పుస్తకం చచ్చేదాకా దాచుకున్నాడు. ఈ నవల మొదలుపెట్టే నాటికి మూడేళ్ళు నిండని కొడుకు మూర్ఛ వచ్చి చనిపోయాడు, 1878 మేలో. ఆ పిల్లవాడి పేరు అల్యోషా. ఇవాన్ వాదం కాదనలేనిదని ఆయనే తన సంపాదకుడికి ఉత్తరం రాశాడు. నమ్మే మనిషి, నమ్మకం మీద వేయగలిగిన గట్టి దావాను తన చేత్తోనే రాశాడు. వకీలు ఫీజు కూడా తనే కట్టుకున్నాడు!

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. దైవశాస్త్రజ్ఞులు వచ్చి నవలాకారుడి దగ్గర పాఠం చెప్పించుకున్నారు. కార్ల్ బార్త్ అనే దైవశాస్త్రజ్ఞుడు బైబిలులోని రోమా పత్రిక మీద తను రాసిన వ్యాఖ్యానాన్ని 1922లో తిరగరాసే ముందు, ఆయన స్నేహితుడు తుర్నైసెన్ దోస్తోయెవ్‌స్కీ మీద పుస్తకం రాశాడు. ఇద్దరూ ఆ నవలల్ని కలిసి నమిలారు. జర్మన్ పాస్టరు బాన్‌హాఫర్ నాజీ జైల్లోంచి 1944లో రాసిన ఉత్తరంలో, బాధపడే దేవుడే సాయం చేయగలడు అన్నాడు. మరుసటి ఏడు ఏప్రిల్లో ఆయన్ని ఉరితీశారు. యుద్ధఖైదీగా ఉన్నప్పుడు బైబిలు చదవడం మొదలుపెట్టిన జర్మన్ దైవశాస్త్రజ్ఞుడు మోల్ట్‌మన్, 1972లో సిలువ వేయబడిన దేవుడు అని పుస్తకం రాశాడు. నా దేవా నన్నెందుకు విడిచితివి అని సిలువ మీద యేసు వేసిన కేక మీద మొత్తం దైవశాస్త్రాన్ని నిలబెట్టాడు. ఆలోచిస్తే, ఆ కేక కూడా దావానే. ఈసారి వేసింది యేసు.

కానీ మోల్ట్‌మన్ పుస్తకంలో ఒక చోట నాకు ఇబ్బంది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదు రచయిత ఎలీ వీజెల్ తన జ్ఞాపకాల్లో నాజీ శిబిరంలో ఉరితీసిన ఒక పిల్లవాడి గురించి రాశాడు. దేవుడు ఎక్కడ అని వెనకనుంచి ఎవరో అడిగితే, ఇదిగో ఈ ఉరికొయ్యకు వేలాడుతున్నాడు అని తన లోపల ఒక గొంతు అందని రాశాడు. మోల్ట్‌మన్ దాన్ని తీసుకుని సిలువ దగ్గరికి తెచ్చాడు. వీజెల్ రాసింది విశ్వాసం చచ్చిపోవడం గురించి. చచ్చింది యూదు పిల్లవాడు. ఆ చావును తెచ్చి క్రైస్తవ సిద్ధాంతానికి సాక్ష్యంగా వాడుకోవచ్చా అని చాలామంది అడిగారు, నేనూ అడుగుతాను. పెద్దాయన తల అడ్డంగా ఊపింది అందుకేనని నా అనుమానం. గబ్బిలం వెన్నెముక యోబుది అనడం వేరు, గబ్బిలానికి బాప్తిస్మం ఇవ్వడం వేరు. రెండోది నేను చేయను. ఆ ఫిర్యాదు చిరునామా కాశీ. దాన్ని దారి మళ్ళించి యెరూషలేముకు పంపే హక్కు మనకు లేదు.

సిద్ధాంతమే కథ నడిపిన పుస్తకం ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్ 1940లో రాసిన ది పవర్ అండ్ ది గ్లోరీ. మెక్సికోలో ఫాదర్లను వేటాడి చంపుతున్న రోజులు. మిగిలిన ఒక్కడూ తాగుబోతు, ఒక బిడ్డ తండ్రి, పిరికివాడు. పేరు కూడా లేదు. కానీ వాడు పూజ చేస్తే అది పూజే, వాడు పాపసంకీర్తనం (భక్తులు పాపాలు ఒప్పుకోవడం) వింటే అది చెల్లుతుంది. ఫాదర్ గుణం బాగాలేకపోయినా ఆయన జరిపే సంస్కారం, అంటే చర్చి కర్మకాండ, చెల్లుతుందని నాలుగో, ఐదో శతాబ్దాల్లో అగస్టీన్ అనే బిషప్పు వాదించి గెలిచాడు. ఆ వాదం తీసేస్తే ఈ నవల రెండో అధ్యాయంలోనే ఆగిపోతుంది. వాడు సరిహద్దు దాటి బతకొచ్చు, కానీ చావబోయేవాడు ఒకడు పిలుస్తున్నాడు, వాడి చేతిలో ఉన్నది వేరే ఎవరి చేతిలోనూ లేదు. అందుకని తిరిగి వస్తాడు, పట్టుబడతాడు. ఈ పుస్తకాన్ని వాటికన్ తప్పుబట్టింది. తర్వాత పోప్ ఆరవ పౌలు, నేను చదివాను, పట్టించుకోకండి అన్నారట గ్రీన్‌తో.

ఇప్పుడు క్రీస్తు చరిత్ర. జాషువా గారు 1957 నుంచి 59 దాకా ఈ ఊళ్ళోనే, మద్రాసు రేడియోలో పనిచేశారు. క్రీస్తు చరిత్ర 1958లో వచ్చింది, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు. పద్యం ఎంత హాయిగా నడుస్తుందో చెప్పనక్కర్లేదు, చేయి తిరిగిన కవి. అయినా నాకు గబ్బిలం తగిలినట్టు అది తగలదు. కథ తెలిసినదే, నాయకుడి మీద గౌరవం ముందే సిద్ధంగా ఉంది, కవి భక్తుడు. దావా లేదు. ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ 1935లో ఒక వ్యాసంలో, తెలిసి తెలిసి జెండా పట్టుకుని క్రైస్తవం చెప్పే సాహిత్యం కన్నా, తెలియకుండానే క్రైస్తవంగా ఉండే సాహిత్యం కావాలన్నాడు. ఎలియట్ చెప్పిన చాలా మాటలతో నాకు పేచీ, ఈ మాటతో లేదు. అయితే గబ్బిలం ఆయన చేతికి ఇస్తే దాన్ని ఏం చేసుకునేవాడో! మర్యాదస్తుడు కదా, గోడ మీద పెట్టి దూరంగా చూసేవాడేమో.

ఆఖరుగా ఒక్క పుస్తకం. జి. కల్యాణరావు గారి అంటరాని వసంతం, 2000లో వచ్చింది. చదవనివాళ్ళు చదవండి. అందులో కరువుకు ఊరొదిలిన శివయ్య, శశిరేఖ బకింగ్‌హామ్ కాలువ తవ్వే చోటికి పనికోసం వెళతారు. అంటరానివాళ్ళని తెలిసి అక్కడ పనికి కూడా రానివ్వరు. ఆ కాలువ ఏదో మీకు తెలుసు. మైలాపూరులో ఎం.ఆర్.టి.ఎస్. రైలు పట్టాల కింద నల్లగా నిలబడి ఉంటుంది చూడండి, ముక్కు మూసుకుని దాటుతాం, అదే. ఉత్తరాన ఆంధ్రా దాకా పోతుంది. 1876, 78 కరువులో దాని పని కొంత ఒంగోలు వైపు క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కాంట్రాక్టుకు తీసుకున్నాడు, మాల మాదిగలకు కూలి దొరకాలని. కూలి కోసం మతం మారుతున్నారనే మాట వస్తుందని, కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. చర్చి చరిత్రలో ఆ అంకెను గొప్పగా రాసుకుంటారు.

కల్యాణరావు గారి నవల ఆ అంకె వెనకున్న మనుషుల గురించి. మిషనరీని ఆయన దేవుణ్ణి చేయలేదు. కులం చర్చిలోకి కూడా నడిచొచ్చిన సంగతి దాచలేదు. రూతు అనే ఆవిడ తన భర్త రూబేను చెప్పిన సంగతుల్ని తలుచుకుంటూ ఉంటే తరాలు కదులుతాయి. ఎల్లన్న పాటలు, సుభద్ర, శివయ్య సీమోను కావడం. బైబిలు పేర్లు, మాలపల్లె బతుకులు. ఆవర్‌బాక్ చెప్పిన చలిమంట దగ్గర కూర్చున్న మనుషులు వీళ్ళే. ఈసారి కథ చెప్పేవాళ్ళు కూడా వాళ్ళే. వాళ్ళు దేవుడి మీద వేసిన దావాలో చర్చి కూడా ఒక ముద్దాయి. ఇది దైవశాస్త్రానికి మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, యోబు స్నేహితులకు ఏం జరిగిందో ఇందాక చెప్పాను.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క ప్రశ్నకు అవకాశం ఉందట. అడగండమ్మా.

(సభలో ఒకరు: సార్, ఇంత చెప్పారు కదా, గబ్బిలం చర్చిలో చదవచ్చంటారా?)

మంచి ప్రశ్న. చదవచ్చు. ఎలా చదవాలంటే, ముందు బైబిలులో 88వ కీర్తన చదవండి. మిగతా ఏడుపు కీర్తనలు చివరికి ఏదో ఒక స్తుతి మీద తేలతాయి. అది తేలదు. చీకటియే నాకు బంధువర్గమాయెను అని అక్కడితో ఆగిపోతుంది. అది చదివి కూర్చోకుండా, వెంటనే గబ్బిలంలో ఒక ఇరవై పద్యాలు ఎత్తుకోండి, రాగంతో. రెండూ ఒక ఇంటి మాటలేనని వినేవాళ్ళకే తెలుస్తుంది, మనం వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు. పాస్టరు గారు ఏమంటారో మాత్రం నేను హామీ ఇవ్వలేను. (నవ్వులు) ఆయనే చెయ్యెత్తుతున్నారు, చూడండి. ఒప్పుకుంటున్నారా, అభ్యంతరమా? మైకు అటు ఇవ్వండి.